మారిషస్ స్టాంపుల్లో మనవాళ్లు ఎక్కడ?

కాకినాడ_కవర్లు
మా మేనమామ గారి ఆల్బం ఈమధ్య నా చేతికొచ్చింది. అందులో మారిషస్‌కి ఆయన విడిగా పేజీలు పెట్టుకున్నారు. 1950 నాటి ఆరో జార్జి సెట్టు పదిహేను స్టాంపులూ ఉన్నాయి. కొన్ని విడి స్టాంపులు, ఒక బిస్కెట్ డబ్బా నిండా పాత పోస్ట్‌కార్డులు కూడా. విమానం ఖర్చు లేకుండా ద్వీపం తిరిగొద్దామని ఒక్కోటీ లెన్స్ కింద పెట్టి చూస్తున్నాను.

1 సెంటు మీద చక్కెర ఫ్యాక్టరీ. 2 సెంట్లు గ్రాండ్ పోర్ట్. 3 మీద నార తీసే అలో మొక్క. 4 టామరిండ్ జలపాతం, 5 రెంపార్ట్ కొండ, 10 చెరకు రవాణా, 12 డోడో పక్షి, దాంతోపాటు ద్వీపం మ్యాప్. 20 పాల్, వర్జినీల కథ, 25 లా బూర్దొనే విగ్రహం, 35 రెడ్యుయి గవర్నర్ బంగళా, 50 పీటర్ బోత్ కొండ. రూపాయి మీద దుప్పి, రెండున్నర మీద పోర్ట్ లూయీ, ఐదు మీద సముద్రతీరం, పది మీద రాజముద్ర. రాజుగారి తల అన్నింటి మీదా ఉంది.

నా బాధ ఏంటంటే, మా ఊరి పక్కన కోరంగి రేవు నుంచే ఎంతమంది ఓడలెక్కి అక్కడికి పోయారు! ఆ చెరకు నరికింది వాళ్లే కదా. దుప్పికేమో రూపాయి స్టాంపు, మనవాళ్ల వాటా పది సెంట్ల చెరకు. అసలు మనుషుల ఊసే లేదు. వీటిని ముద్రించిన సంవత్సరం ప్రకారం పెట్టాలా, చరిత్ర వరసలో పెట్టాలా? పోస్ట్‌కార్డులు ఇందులో కలపొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

డోడో_77
దుప్పికి రూపాయి, డోడోకి 12 సెంట్లు. నా తరఫున కూడా ఒక ఫిర్యాదు రాసుకోండి.

పోస్ట్‌మ్యాన్_కొడుకు
1950లో అది బ్రిటిష్ కాలనీ. డిజైన్లు ఖరారు చేసేది లండన్‌లో. సరుకు ఏంటి, రేవు ఎక్కడ, షికారుకి ఏం దొరుకుతుంది, ఇవే వాళ్లకి కావాలి. కూలీ బొమ్మ వేస్తారని ఎలా అనుకున్నారు? 1953 తర్వాత ఎలిజబెత్ తల వచ్చింది కానీ బొమ్మలు దాదాపు అవే.

అబిడ్స్_ఆదివారం
ముద్రించిన సంవత్సరం ప్రకారం పెడితే అది క్యాటలాగ్ అవుతుంది, చూసేవాడికి ఆవలింత వస్తుంది. ఇదే సెట్టుని చరిత్ర వరసలో మార్చి చూడండి.

ముందు డోడో. డచ్చివాళ్లు 1598లో దిగి తమ యువరాజు మారిస్ పేరు పెట్టేనాటికి అక్కడ మనుషులు లేరు, ఎగరలేని ఈ పక్షి ఉంది. వందేళ్లు తిరక్కుండా అంతరించింది. తర్వాత రూపాయి దుప్పి. అది అక్కడి జంతువు కాదు, 1639లో డచ్చివాళ్లే జావా నుంచి తెచ్చి వదిలారు. అంటే పోయినదీ వచ్చినదీ పక్కపక్కన. మూడోది పీటర్ బోత్ కొండ. తల మీద గుండ్రాయి పెట్టుకుని నిలబడ్డ మనిషిలా ఉంటుంది. డచ్చి ఈస్టిండీస్ మొదటి గవర్నర్ జనరల్ పేరది. ఆయన 1615లో ఇంటికి తిరిగిపోతూ మారిషస్ దగ్గరే ఓడ మునిగి చనిపోయాడు.

1710లో డచ్చివాళ్లు వదిలిపోయారు, 1715లో ఫ్రెంచివాళ్లు వచ్చారు. ఇక్కడ 25 సెంట్ల లా బూర్దొనే. 1735లో గవర్నర్‌గా వచ్చి పోర్ట్ లూయీని రేవుగా నిలబెట్టాడు. ఆయన పుట్టి రెండొందల ఏళ్లయిందని 1899లోనే 15 సెంట్ల నీలం స్టాంపు వేశారు, మీ దగ్గర లేకపోతే వెతకండి. అదీ బ్రిటిష్ పాలనలో, ఫ్రెంచి గవర్నర్‌కి! పక్కన 20 సెంట్ల పాల్, వర్జినీ. 1744లో సాఁ జెరాఁ అనే ఓడ నిజంగానే మునిగింది, దాని చుట్టూ అల్లిన ప్రేమకథ 1788లో ఫ్రెంచి నవలగా వచ్చింది. తర్వాత 2 సెంట్ల గ్రాండ్ పోర్ట్. 1810 ఆగస్టులో అక్కడి సముద్రంలో ఫ్రెంచివాళ్లు బ్రిటిష్ నౌకలని చిత్తుగా ఓడించారు. పారిస్‌లో విజయతోరణం మీద ఆ పేరు ఇప్పటికీ చెక్కి ఉంది. అదే ఏడాది డిసెంబరుకల్లా ద్వీపం మాత్రం బ్రిటిష్ చేతికి పోయింది. తర్వాతే చక్కెర ఫ్యాక్టరీ, చెరకు. మీ కోరంగివాళ్లు వచ్చేది అక్కడే.

విశాఖ_వాసి
లా బూర్దొనే అంటే 1746లో మద్రాసు కోట పట్టుకున్నాయనేగా? ఆ దండయాత్రకి నౌకలు కూడదీసుకున్నది ఈ ద్వీపంలోనే. మన పాఠ్యపుస్తకంలో ఒక్క లైన్‌లో పోయాడు పాపం.

అబిడ్స్_ఆదివారం
ఆయనే. తర్వాత డూప్లేతో గొడవపడి పారిస్‌లో బాస్టీల్ జైలుకి కూడా పోయాడు.

చిల్లర_శ్రీను
ఇదంతా సరే. మారిషస్ నీలం స్టాంపు కోట్ల రూపాయలంటారు కదా. ముందు ఆ బిస్కెట్ డబ్బా అడుగున చూడండి సార్.

కాకినాడ_కవర్లు
ఉంది! కాకపోతే స్టాంపు మీద స్టాంపు. 1948లో మొదటి స్టాంపులకి వందేళ్లని వేసిన సెట్టు. అందులో ఎర్ర పెన్నీ, నీలం రెండు పెన్నీలూ బొమ్మలుగా ఉన్నాయి. నా స్థాయి అక్కడిదాకే.

గమ్_పోని_స్టాంపు
1847 అయితే 48లో వందేళ్లేంటని ఎవరో అడిగేలోపు చెప్పేస్తున్నా. పండగ ఏడాది ఆలస్యంగా చేశారు, మన ప్రభుత్వ కార్యక్రమాల లాగే.

అసలు స్టాంపు గురించి. 1847 సెప్టెంబరు 21న వచ్చింది. పెన్నీది నారింజ ఎరుపు, రెండు పెన్నీలది ముదురు నీలం, చెరో 500. పోర్ట్ లూయీ ఊళ్లో ఉత్తరానికి పెన్నీ, ద్వీపంలో మిగతా ఊళ్లకి రెండు. జోసెఫ్ ఆస్మండ్ బర్నార్డ్ అనే స్థానిక చెక్కుడు పనివాడు ఒకే రాగి రేకు మీద రెండింటినీ చెక్కి, ఒక్కొక్కటిగా అచ్చువేశాడు. దగ్గర నుంచి చూస్తే లండన్ స్టాంపుల నాజూకు కనపడదు. రాణి మొహం కొంచెం మొరటుగా, ఎడమ వైపు తిరిగి ఉంటుంది. పైన పోస్టేజ్, కింద వెల, కుడి అంచున మారిషస్, ఎడమ అంచున పోస్ట్ ఆఫీస్. మెడ కింది అంచున సన్నగా జే బీ అని తన పొడి అక్షరాలు. గవర్నర్ గోమ్ భార్య అదే నెలాఖరున ఇచ్చిన విందు నాట్యానికి ఆహ్వానాలు పంపడానికి పెన్నీ స్టాంపులు చాలా ఖర్చయ్యాయి. 1848లో ఎడమ అంచున పోస్ట్ పెయిడ్ అని మార్చి కొత్త ప్లేట్లు చెక్కాడు.

చిల్లర_శ్రీను
పోస్ట్ పెయిడ్ అని రాయాల్సింది మర్చిపోయి పోస్ట్ ఆఫీస్ అని చెక్కాడంట కదా. అందుకే అంత రేటు.

గమ్_పోని_స్టాంపు
అది అమ్మేవాళ్లకి పనికొచ్చే కథ. ఆ రోజుల్లో పోస్ట్ ఆఫీస్ అనే మాట పోస్టాఫీసు ముద్రల మీద మామూలే, చెప్పిందే చెక్కాడని పరిశోధించినవాళ్ల వాదన. నేనూ ఆ పక్షమే. నిజంగా చెక్కుడు తప్పు కావాలంటే 1848 రెండు పెన్నీల ప్లేట్‌లో ఏడో స్టాంపు చూడండి. పెన్స్‌లో సీ బదులు ఓ పడింది. దాన్ని పెనో అంటారు, దానికీ ఎగబడతారు.

పోస్ట్‌మ్యాన్_కొడుకు
నేను మాత్రం ఒప్పుకోను. తప్పు కాకపోతే ఏడాది తిరక్కుండా మార్చడం ఎందుకు? అడిగినవాడికి సమాధానం ఉండాలిగా.

గమ్_పోని_స్టాంపు
రెండు బొమ్మల చిన్న రేకుతో ఎన్నాళ్లు అచ్చువేస్తారు? పన్నెండేసి బొమ్మల ప్లేట్లు కావాల్సి వచ్చాయి. కొత్తగా చెక్కేటప్పుడు మాట కూడా మార్చారు. మీ నాన్నగారి పోస్టాఫీసులో ఫారాలు మారిన ప్రతిసారీ పాతవి తప్పులేనా?

పోస్ట్‌మ్యాన్_కొడుకు
మా నాన్న అయితే అవుననే అనేవాడు.

లక్ష్మి_తణుకు
మాకు ఒకాయన ఆన్‌లైన్‌లో నీలం మారిషస్ అని అంటగట్టాడు. సర్టిఫికెట్ అని ఒక రంగు కాగితం కూడా పెట్టాడు. మా వారు ఇచ్చింది తక్కువ డబ్బేలెండి, టెన్షన్ మాత్రం వారం రోజులు. లాకర్ ఎక్కడ తీసుకోవాలని.

గమ్_పోని_స్టాంపు
మేడమ్, మిగిలినవి రెండూ కలిపి 27 అని లెక్క. ఎర్రవి 15, నీలాలు 12. ఒక్కోదానికీ ఏ మ్యూజియంలో, ఎవరి దగ్గర ఉండేదో చరిత్ర రాసిపెట్టి ఉంది. కొరియర్‌లో తణుకు వచ్చేది కాదు. నకళ్లు మాత్రం వందేళ్ల నుంచీ అచ్చువేస్తూనే ఉన్నారు, ఆల్బంలో ఖాళీ గడి నింపడానికి. మీది అదే అయ్యుంటుంది, ఉంచుకోండి, అందంగానే ఉంటుంది.

విశాఖ_వాసి
1904లో ఇలాంటి నీలం ఒకటి 1,450 పౌన్లకి వేలంలో పోతే, ఆస్థానంలో ఒకాయన ఇంగ్లండు యువరాజు దగ్గరికొచ్చి "ఎవడో వెర్రివాడు ఒక్క స్టాంపుకి అంత పోశాడట, విన్నారా" అన్నాడట. "ఆ వెర్రివాణ్ణి నేనే" అన్నాడట యువరాజు. తర్వాత ఆయనే ఐదో జార్జి. మా ఆవిడకి ఈ కథ చాలాసార్లు చెప్పా, పని చేయలేదు.

డోడో_77
మీ ఆవిడ యువరాణి కాదు కదా సార్.

అబిడ్స్_ఆదివారం
మన దేశానికీ ఇందులో వాటా ఉంది. ఎర్ర పెన్నీ స్టాంపులు రెండు అంటించిన కవరు ఒకటి 1850లో బొంబాయి బైబిల్ సొసైటీ కార్యదర్శికి వచ్చింది. 1897లో మన దేశంలోని ఒక బజార్లో బయటపడింది. 50 పౌన్లకి కొన్నాయన 1,600కి అమ్మాడని రికార్డు. నేను ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ వదలకపోవడానికి కారణం అర్థమైందిగా.

కాకినాడ_కవర్లు
దారి మళ్లింది కానీ బాగుంది. ఒక అనుమానం. ఆ మొదటి స్టాంపులు పెన్నీల్లో ఉన్నాయి, 1950 సెట్టు సెంట్లు రూపాయల్లో ఉంది. బ్రిటిష్ కాలనీకి రూపాయి ఎందుకు?

పోస్ట్‌మ్యాన్_కొడుకు
ఇదిగో, మీ మొదటి ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. 1870ల దాకా పెన్నీలు, షిల్లింగులే. అయితే మన దేశం నుంచి వచ్చిన జనం, సరుకుల వల్ల భారత రూపాయి అక్కడ చేతులు మారుతూనే ఉండేది. చివరికి ప్రభుత్వమే రూపాయికి మారింది. 1878లో పాత పెన్నీ స్టాంపుల మీదే సెంట్ల వెలలు నల్లగా అచ్చుకొట్టి అమ్మారు. బొమ్మలో కూలీ లేడు కానీ స్టాంపు వెలే మారిపోయింది. డబ్బాలో అలాంటివేమైనా ఉంటే ఆల్బం మొదటి పేజీలో పెట్టండి.

కాకినాడ_కవర్లు
ఒకటి ఉంది! రాణి తల మీద అడ్డంగా 2 సెంట్స్. పాడైపోయిందనుకుని పక్కన పెట్టారు మామయ్య.

లక్ష్మి_తణుకు
పోస్ట్‌కార్డుల సంగతి ఎవరూ చెప్పలేదు.

కాకినాడ_కవర్లు
ఒకటి వివరంగా చెప్తా. పోర్ట్ లూయీలో ప్లాస్ దార్మ్ అనే కూడలి, ఫ్రెంచిలో శీర్షిక. రెండు వైపులా తాటిజాతి చెట్ల వరస, ఈ చివర లా బూర్దొనే విగ్రహం వీపు. ఆయన మొహం రేవు వైపు. బండి ఒకటి ఆగి ఉంది. బండి నీడలో తలగుడ్డ చుట్టుకున్న ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఫోటో తీసినవాడు అతన్ని చూడలేదనుకుంటా, బొమ్మ అంచున సగం కత్తిరించి పోయాడు. రాత బొమ్మ ఖాళీలోనే ఉంది, వెనక అంతా అడ్రసే.

అబిడ్స్_ఆదివారం
వెనక అడ్డగీత లేకుండా మొత్తం అడ్రసే అయితే తొలినాళ్ల కార్డు. వెనక వైపు రెండుగా చీల్చి ఎడమ సగం రాతకి ఇవ్వడం బ్రిటన్‌లో 1902లో మొదలైంది, మిగతా దేశాలు ఆ తర్వాత కొన్నేళ్లలో అనుసరించాయి. పోస్టల్ ముద్ర చదవగలిగితే తేదీ ఖాయం చేసుకోవచ్చు. ఆల్బంలో తప్పకుండా కలపండి, నా ఓటు పోస్ట్‌కార్డులకే. స్టాంపులో లేని మనిషి వాటిలో అంచునైనా దొరుకుతాడు.

గమ్_పోని_స్టాంపు
అంత మురిసిపోకండి. పోస్ట్‌కార్డు అచ్చువేసింది కూడా అమ్ముకోడానికే. నేను చూసినవాటిలో భారతీయ స్త్రీ, భారతీయ కూలీ అని స్టూడియోలో నిలబెట్టి తీసినవే ఎక్కువ. పేరు రాయరు, ఊరు రాయరు. కొండ బొమ్మకైనా పేరు ఉంటుంది. స్టాంపు చూపించదు, కార్డు చూపించి అమ్ముతుంది. నాకు మొదటిదే నయం.

అబిడ్స్_ఆదివారం
మొహం ఉంటే వెతకొచ్చు. లేనిదాన్ని ఎక్కడ వెతుకుతారు?

మోకా_మాస్టారు
నేను మారిషస్‌లో తెలుగు బోధిస్తాను. మీ చర్చ చదువుతున్నాను. మొహమూ పేరూ రెండూ ఉన్నవి మా దగ్గర ఉన్నాయి, స్టాంపుల్లోనూ కార్డుల్లోనూ కాదు. వలస వచ్చిన ప్రతి మనిషికీ ప్రభుత్వం ఒక నంబరు ఇచ్చింది. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఒంటి మీద గుర్తులు రిజిస్టర్లలో రాశారు. 1860ల నుంచి ఫోటోలు కూడా తీశారు. కూలీ మీద నిఘా కోసం చేసిన పని అది. ఆ రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. మనవలు, మునిమనవలు వచ్చి తమ తాతల కాగితం అడిగి తీసుకుంటారు.

రేవులో దిగిన చోటు ఆప్రవాసీ ఘాట్. 1849లో కట్టడం మొదలైన డిపో. ఓడ దిగినవారు ఎక్కిన పదహారు రాతి మెట్లు ఇంకా ఉన్నాయి. మిగతా భాగం చాలావరకు రోడ్డు కింద, కొత్త కట్టడాల కింద పోయింది. 2006లో యునెస్కో వారసత్వ స్థలమైంది. 1834 నుంచి 1920 మధ్య భారతదేశం నుంచి దాదాపు ఐదు లక్షల మంది వచ్చారు. అందులో తెలుగువారు తక్కువే. కోరంగి, విశాఖ, మద్రాసు రేవుల నుంచి ఎక్కారు. ఇప్పటికీ మేము సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజన చేసుకుంటాం. ఉగాది ఇక్కడ దేశమంతటికీ సెలవు.

విశాఖ_వాసి
సింహాద్రి అప్పన్నా! మాస్టారూ, ఇక్కడ మా వీధిలో సగం మంది అప్పలస్వాములే.

మోకా_మాస్టారు
ఇక్కడ ఆ పేరు ఇంటిపేరుగా మారింది. ఓడ గుమస్తా ఫ్రెంచి చెవితో విని రాసుకున్న స్పెల్లింగుతో ఉంటుంది, మీరు చదివితే గుర్తుపట్టలేరు.

కాకినాడ_కవర్లు
మాస్టారూ, కోరంగి రేవు 1839 తుపానులో తుడిచిపెట్టుకుపోయింది కదా. ఆ తర్వాత కూడా అక్కడ నుంచే ఎక్కారా?

మోకా_మాస్టారు
ఆ తుపాను వచ్చిన సమయానికి వలసే ఆగి ఉంది. కూలీలపై అకృత్యాల గొడవతో 1838లో ఆపించారు. 1842లో మళ్లీ అనుమతించారు. మద్రాసు నుంచి ఓడలు ఎక్కువయ్యాయి. గోదావరి వైపు మనుషులు మాత్రం వస్తూనే ఉన్నారు.

లక్ష్మి_తణుకు
మాస్టారూ, స్వాతంత్ర్యం తర్వాతైనా స్టాంపుల్లో మనవాళ్లకి చోటు దొరికిందా?

మోకా_మాస్టారు
మారిందమ్మా. స్వాతంత్ర్యం 1968 మార్చి 12న వచ్చింది, దండి యాత్ర మొదలైన తేదీ అదే. మరుసటి ఏడాదే గాంధీ శతజయంతికి ఆరు స్టాంపులు వేశారు. 1901లో దక్షిణాఫ్రికా నుంచి ఇంటికెళ్తూ ఆయన ఇక్కడ ఆగిన సందర్భం అందులో ఒకటి. ఆయన సలహా మీదే 1907లో మణిలాల్ డాక్టర్ అనే లాయరు వచ్చి కూలీల తరఫున కోర్టుల్లో నిలబడ్డాడు.

డోడో_77
1965 పక్షుల సెట్టు వదిలేశారు. డోడోతోపాటు అంతరించిన మిగతా పక్షులు కూడా అందులో ఉన్నాయి. 1967లో స్వయంపాలన వచ్చినప్పుడు అదే సెట్టు మీద ఆ మాట అచ్చుకొట్టారు. చచ్చిపోయిన పక్షి మీద స్వయంపాలన అని.

గమ్_పోని_స్టాంపు
అచ్చుకొట్టడమంటే గుర్తొచ్చింది. 1965లోనే బ్రిటన్ మారిషస్ నుంచి చాగోస్ దీవులు విడదీసి బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతం (ఇంగ్లీషు పొడి అక్షరాల్లో బీఐఓటీ) అని వేరే ప్రాంతం అంది. 1968లో సీషెల్స్ స్టాంపుల మీద బీఐఓటీ అని అచ్చుకొట్టి కొత్త స్టాంపులు మొదలుపెట్టారు. అక్కడి జనాన్ని ఖాళీ చేయించారు, స్టాంపులు మాత్రం దశాబ్దాలు అమ్మారు. 2021లో అంతర్జాతీయ తపాలా సంఘం ఆ స్టాంపులు చెల్లవని, ఆ దీవులకి మారిషస్ స్టాంపే వర్తిస్తుందని తీర్మానించింది. స్టాంపులు ప్రచారమే అన్నవాళ్లకి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పోస్ట్‌మ్యాన్_కొడుకు
మొదట ఆ మాట అన్నది నేనే కదా. ఇప్పుడు నా పక్షానికి వచ్చారన్నమాట.

గమ్_పోని_స్టాంపు
పోస్ట్ ఆఫీస్ అనే మాట తప్పన్న విషయంలో కాదు.

చిల్లర_శ్రీను
అసలు నీలం స్టాంపు చూడాలంటే అక్కడికే పోవాలా?

మోకా_మాస్టారు
పోర్ట్ లూయీ కోడాన్ వాటర్‌ఫ్రంట్‌లో బ్లూ పెన్నీ మ్యూజియం ఉంది. 1993లో ఇక్కడి బ్యాంకు, కంపెనీలు కలిసి ఎర్రదీ నీలందీ రెండూ కొని దేశానికి తెచ్చాయి. వెలుగు తగిలితే రంగు పోతుందని అసలువాటికి గంటలో కొద్ది నిమిషాలే దీపం వేస్తారు. మిగతా సమయం నకళ్లే. కనుక్కుని వెళ్లండి. అక్కడి నుంచి ఆప్రవాసీ ఘాట్ నడిచిపోయే దూరమే. దారిలో పాత పోస్టాఫీసు, తపాలా మ్యూజియం.

లక్ష్మి_తణుకు
మా వదిన వాళ్ల నాన్నగారి పోస్ట్‌కార్డులన్నీ పాడవకుండా లామినేషన్ చేయించింది. ఇప్పుడు వెనక ముద్ర మీద వేడికి మరకలొచ్చాయి.

అబిడ్స్_ఆదివారం
లామినేషన్ మాట ఎత్తకండి, గుండె ఆగుతుంది. కాకినాడ గారూ, మీది సముద్రం ఊరు, జాగ్రత్త. ఆరో జార్జి స్టాంపుల గమ్ ఉక్కకి గోధుమ మచ్చలు పడుతుంది. మెత్తని పీవీసీ కవర్లు వాడొద్దు, రంగు పీల్చేస్తాయి. ఆల్బం నిలువుగా పెట్టండి, పక్కన సిలికా జెల్ పొట్లాలు వేసి నెలకోసారి మార్చండి. 1878 స్టాంపుని నీళ్లలో వేయొద్దు, పాత కాగితంతో సహా ఉంచేయండి.

కాకినాడ_కవర్లు
ఆర్డర్ ఖరారు చేశా. చరిత్ర వరసే. 1878 నాటి రెండు సెంట్లది మొదట్లో, తర్వాత అబిడ్స్ గారు చెప్పిన వరస, చెరకు స్టాంపు పక్కన ప్లాస్ దార్మ్ కార్డు. ఆ పేజీలో ఒక ఖాళీ గడి ఉంచుతున్నా. కోరంగి వైపు నుంచి వెళ్లిన ఒక మనిషి ఇమ్మిగ్రేషన్ ఫోటో నకలు సంపాదించాలని. మాస్టారూ, బయటివాళ్లకి ఇస్తారా?

మోకా_మాస్టారు
సంబంధీకులకైతే ఇస్తారు. మీ ఇంటిపేరు, ఊరు ప్రైవేటుగా పంపండి, ఇక్కడ రాయకండి. ఏ ఓడలో వచ్చారో తెలిస్తే వెతకడం సులువు.

చిల్లర_శ్రీను
ఆ బీ53 అని గీతల మధ్య ఉండే ముద్ర ఏంటి? మా దగ్గర ఒకదాని మీద ఉంది.

గమ్_పోని_స్టాంపు
మారిషస్ రద్దు ముద్ర. బీ64 అయితే సీషెల్స్, బీ65 అయితే రోడ్రిగ్స్. 1890 దాకా సీషెల్స్‌లో మారిషస్ స్టాంపులే వాడారు కాబట్టి బీ64 పడ్డ మారిషస్ స్టాంపుకి గిరాకీ ఎక్కువ. అంకెలు మళ్లీ ఒకసారి చూసి చెప్పండి, మూడా నాలుగా?

చిల్లర_శ్రీను
సగమే పడింది. మూడులాగే ఉంది.

డోడో_77
సగం పడ్డ ముద్ర ఎప్పుడూ తక్కువ రేటుదే అవుతుందేంటో. కాకినాడ గారూ, పాల్, వర్జినీ రెండోది ఉంటే చెప్పండి. బదులుగా పక్షుల సెట్టులో మీకు లేనివి ఇస్తా. డోడో మాత్రం అడక్కండి.

కాకినాడ_కవర్లు
రెండు ఉన్నాయి, ఒకదానికి పంటి అంచు చిరిగింది. ఏది పంపమంటారు?

డోడో_77
చిరిగినదే పంపండి, మంచిది మామయ్య పేజీలో ఉండనివ్వండి.